బందరు త్రోవ చివర: నౌకాసేనాని జార్జి పోకాక్

నేను అమీరుపేటలో కాపురముండువాడను. మా వీథి మలుపు తిరిగినంతనే పెద్దత్రోవ. దానిమీద పంజగుట్ట కూడలి వైపునకు రాత్రింబవళ్లు వాహనములు పోవుచునే యుండును. పైన మెట్రో రైలు, క్రింద బస్సులు, ఆటోలు. త్రోవ దాటుటకు నావంటి వృద్ధుడు చాలసేపు నిలువబడి యుండవలెను. ప్రభుత్వమువారి లెక్కలో నిది 65వ నంబరు జాతీయ రహదారి. పూర్వము 9వ నంబరు అనెడివారు. ఇది పూనాలో బయలుదేరి అమీరుపేట, పంజగుట్ట, ఖైరతాబాదుల మీదుగా నగరమును దాటి, సూర్యాపేట, బెజవాడలు గడచి, మచిలీపట్టణమున సముద్రపు గాలి తగులుచోట ఆగిపోవును. అనగా మా యింటిముందఱి త్రోవ బందరు త్రోవ. ఇన్నేండ్లు దీనిమీద తిరిగియు ఆ సంగతి నేను తలపోయలేదు.

తలపోయునట్లు చేసినవాడు మా మేడమీది గదిలో అద్దెకున్న యొక బందరు చిన్నవాడు. ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై అమీరుపేట చేరిన వేలమందిలో నతడొకడు. ఒకనాటి సాయంకాలము పుస్తకము చేతబట్టుకొని క్రిందికి వచ్చి, "తాతగారూ, అంత పెద్ద నవాబు మా బందరును ఇంగ్లీషువాళ్లకు ఊరికే ఎలా ఇచ్చేశాడండీ? ఇందులో సంవత్సరం ఉంది, సంతకం చేసినవాడి పేరుంది. కారణం మాత్రం లేదు" అని యడిగెను.

సలాబత్‌జంగు బలహీనుడనియు, అన్నదమ్ముల కలహమనియు నేదో చెప్పితిని. అతడు తలయూచి మెట్లెక్కి పోయెను గాని తృప్తిపడినట్లు కనబడలేదు. నాకును తృప్తి కలుగలేదు. ఆ ప్రశ్నకు సగము జవాబు బందరు కోటలో కలదు. తక్కిన సగము సముద్రముమీద కలదు. ఆ సముద్రభాగమునకు కర్తయైన మనుష్యుని గుఱించియే నేటి నా ప్రసంగము. అతని పేరు జార్జి పోకాక్. ఇతడు హైదరాబాదును కన్నులార చూచినవాడు కాడు. మన కథలలోగాని పాటలలోగాని యితని పేరు వినబడదు. అయినను మన దేశపు పటము నేడిట్లున్నదన్న, అందులో నితని చేతిపని కొంత కలదు.

పోకాక్ 1706వ సంవత్సరమున జన్మించెను. తండ్రి థామసు పోకాక్ ఓడలలో మతాచార్యుడు. తల్లి పుట్టినింటివారు సముద్రోద్యోగులు. 1718లో, పండ్రెండేండ్ల ప్రాయమున, మేనమామయైన కెప్టెను స్ట్రైన్షం మాస్టరు ఓడలో చేరి పని నేర్చుకొనెను. ఆ సంవత్సరమే సిసిలీ దగ్గర పసారో అగ్రము ఎదుట జరిగిన పెద్ద నౌకాయుద్ధమును చూచెను. ఆ యుద్ధమున సేనాధిపతియైన జార్జి బింగు అతని తల్లి తోబుట్టువునకు భర్త. ఇట్టి బంధుత్వము లున్నను పోకాక్ ఒక్కొక్క మెట్టే యెక్కవలసివచ్చెను. కెప్టెను పదవి 1738లో గాని చేతికి రాలేదు. 1744లో నొకసారి తూర్పు సముద్రములకు వచ్చి పోయెను. మరల 1754లో అడ్మిరలు వాట్సను క్రింద కంబర్లాండను నౌకకు నాయకుడై వచ్చి, మఱుసటి సంవత్సరమున తానును అడ్మిరలు పదవి నందెను. అప్పటి కతని వయస్సు దాదాపు ఏబది. తొందరపడు వయస్సు కాదది.

ఆ కాలమున మన దేశపు స్థితి యెట్లుండెనో కొంచెము చెప్పవలెను. దక్కను సుబాకు ప్రభువు సలాబత్‌జంగు. రాజధాని ఇంకను ఔరంగాబాదు. హైదరాబాదు ముఖ్యనగరములలో నొకటి. 1751లో సలాబత్‌జంగును గద్దెమీద కూర్చుండబెట్టినవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. ఆ సేనకు జీతముల నిమిత్తము 1753లో ప్రభువు ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను బుస్సీ కిచ్చివేసెను. బందరు అంతకుముందే ఫ్రెంచివారి చేతిలోనికి పోయియుండెను. ఇక చూడుడు: ఫ్రాన్సునుండియు పుదుచ్చేరినుండియు సిపాయిలు, ఫిరంగులు, తుపాకిమందు ఓడలమీద బందరులో దిగవలెను, అచ్చటినుండి బండ్లమీద హైదరాబాదు చేరవలెను. దక్కను దర్బారులో ఫ్రెంచివారి మాట చెల్లుటకు ప్రాణము ఈ బందరు త్రోవయే.

ఇది యెంత నిజమో 1756లో తేలినది. దర్బారువారు బుస్సీని పనినుండి తొలగించిరి. అతడు బందరు వైపు కొంతదూరము పోయి, వెనుకకు తిరిగి వచ్చి, హైదరాబాదులోని చార్‌మహల్ అను తోటమేడలో కోట కట్టుకొని కూర్చుండెను. నలువైపుల శత్రువులు. ఆ సమయమున బందరునుండి లా అను సేనాని క్రింద సహాయము వచ్చినందున బుస్సీ బ్రతికి బయటపడెను. మరల దర్బారున నిలిచెను. త్రోవ తెఱచియున్నంత కాలము బుస్సీ నోడించుట యెవరి తరమును కాదు.

ఆ యేడే సలాబత్‌జంగు మద్రాసులోని ఇంగ్లీషువారిని సహాయ మడిగెను. వారు సేనను పంపుటకు సిద్ధమగుచుండగా కలకత్తా నవాబు చేతిలో పడినదన్న వార్త వచ్చెను. హైదరాబాదుకు రావలసిన బలము వాట్సను, క్లైవుల వెంట వంగదేశమునకు మరలినది. పోకాక్ కూడ వారితో పోయెను. 1757 మార్చిలో చంద్రనగరు ముట్టడి జరిగినప్పుడు అతని సొంత నౌక నదిలో పైకి రాలేకపోయెను. అతడు చిన్నపడవలో తెడ్లు వేయించుకొని వచ్చి, టైగరను మఱియొక నౌక నెక్కి యుద్ధము చేసి గాయపడెను. ఆ సంవత్సరము ఆగస్టులో వాట్సను కలకత్తాలో మరణించెను. తూర్పు సముద్రములలోని ఇంగ్లీషు నౌకాదళమంతయు పోకాక్ చేతిలోనికి వచ్చినది.

ఇక్కడ మన తీరమును గుఱించి రెండు మాటలు చెప్పక తప్పదు. బందరు మొదలు నాగపట్టణము వఱకు పెద్దయోడ సుఖముగా దాగుటకు తగిన రేవు ఆ దినములలో లేదు. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసికొని యుండవలెను. నారత్రాటితో కుట్టిన మసులా పడవలమీద మన బెస్తవారు అలలు దాటించి మనుష్యులను, సరకులను దింపవలెను. అక్టోబరు వచ్చెనా, ఈశాన్యపు గాలి మొదలై తుపానులు లేచును. అప్పుడు యుద్ధనౌకలు తీరము విడిచి యెచ్చటనైన తలదాచుకొనవలెను. ఫ్రెంచివారికి ఆ చోటు మారిషసు ద్వీపము. అది బహుదూరము, తిండిగింజలకు సైతము కటకట. 1758, 1759 సంవత్సరముల నడుమ ఆహారమునకై వారు ఆఫ్రికా కొసనున్న గుడ్‌హోపు అగ్రమునకు ఓడలను పంపవలసివచ్చెను. ఇంగ్లీషువారికో, బొంబాయి కలదు. అచ్చట 1750లో కట్టిన రాతి డాకు కలదు. నీరు తోడివేసి ఓడ అడుగును ఎండలో బాగుచేసికొనవచ్చును. ఆ పనికి పెద్ద లవజీ నసర్వాంజీ వాడియా యను పారశీకుడు. 1736లో సూరతునుండి వచ్చినవాడు. మలబారు టేకు, సూరతు వడ్రంగుల పనితనము ఇంగ్లీషు నౌకలను నిలబెట్టినవి. ఇది మనము గర్వింపవలసిన మాటయో, నిట్టూర్పు విడువవలసిన మాటయో నేను చెప్పజాలను.

1758 ఏప్రిలులో ఫ్రాన్సునుండి కౌంటు దాషే యను నౌకాసేనాని పెద్దదళముతో వచ్చెను. భూసేనకు నాయకుడుగా లాలీ యను ప్రభువును వెంట తెచ్చెను. ఇంగ్లీషువారిని ఈ దేశమునుండి వెడలగొట్టుటయే లాలీకి ఫ్రెంచిరాజు చెప్పిన పని. ఏప్రిలు 29వ తేదీన కడలూరికి సమీపమున పోకాక్ ఏడు యుద్ధనౌకలతో దాషేను ఎదుర్కొనెను. ఫ్రెంచివారు తెఱచాపలను, త్రాళ్లను గుఱిచూచి కొట్టిరి. ఇంగ్లీషువారు ఓడల కడుపులను కొట్టిరి. అందువలన ఫ్రెంచివారిలో మనుష్యులు మిక్కిలిగా చచ్చిరి. ఇంగ్లీషువారి చాపలు చినిగి, త్రాళ్లు తెగి, వెంటాడుటకు శక్తి లేకపోయెను. ఎవరును ఎవరి ఓడను పట్టుకొనలేదు. జూన్ మొదటనే లాలీ సెయింటు డేవిడు కోటను పట్టుకొనెను. ఆనాడు చూచినవాడు పోకాక్ ఓడిపోయెననియే చెప్పును.

ఆగస్టు 3వ తేదీన నాగపట్టణము దగ్గర మఱియొక యుద్ధము. దాషే గాయపడెను, అతని మనుష్యులు వందల సంఖ్యలో పడిరి. ఈసారియు ఒక్క ఓడ పట్టుబడలేదు. కాని దాషే గుండె చెదరినది. లాలీ బ్రతిమాలినను, పుదుచ్చేరి సభవారు వద్దన్నను వినక, సెప్టెంబరు మొదట చాపలెత్తి మారిషసునకు పోయెను.

శ్రోతలారా, బందరు కథకు మలుపు ఇచ్చటనే కలదు. ఆ వేసవిలో లాలీ, మద్రాసు పట్టుకొనుటకై, బుస్సీని హైదరాబాదు దర్బారునుండి పిలిపించుకొనెను. సర్కారులు కాంఫ్లాను అను నాయకునికి అప్పగింపబడెను. విజయనగర ప్రభువు ఆనందగజపతి సమయము కనిపెట్టెను. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలికోట ఎట్లు బూడిదయైనదో, తాండ్ర పాపారాయుడు పగ ఎట్లు తీర్చుకొనెనో మనలో నెఱుగనివారు లేరు. ఆ పగకు బలియైన పెద విజయరామరాజు తరువాత వచ్చినవా డీ ఆనందగజపతి. ఇతడు ఫ్రెంచివారి మైత్రి విడిచి, విశాఖపట్టణమును పట్టుకొని, కలకత్తాలోని క్లైవునకు వర్తమానము పంపెను. క్లైవు, కర్నలు ఫోర్డు అనువానికి సుమారు 500 మంది తెల్లవారిని, 2,000 మంది సిపాయిలను ఇచ్చి ఓడలెక్కించెను. అక్టోబరులో వారు విశాఖపట్టణమున సురక్షితముగా దిగిరి. వంగసముద్రమున అడ్డగించుటకు ఫ్రెంచి దళము లేదు. దాషే పోయి అప్పటికి ఆఱువారములు మాత్రమే. అతడు పుదుచ్చేరి ఎదుట నిలిచియున్నచో క్లైవు తన మనుష్యులను సముద్రముమీదికి పంపుటకు సాహసించునా?

డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తి దగ్గర ఫోర్డు కాంఫ్లానును ఓడించెను. 1759 మార్చిలో బందరు కోట ముందు దిగెను. అతని స్థితి మిక్కిలి కష్టము. జీతములు లేక సిపాయిలు అలుగుచుండిరి. తుపాకిమందు రెండుమూడు దినములకు మించి లేదు. కోటలోపలివారు బయటివారికి తక్కువగా లేరు. పైగా సలాబత్‌జంగు గొప్పసేనతో హైదరాబాదునుండి బెజవాడకు వచ్చియుండెను. ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు బురదనేలమీదుగా కోటపై పడి, తెల్లవారునప్పటికి దానిని పట్టుకొనెను. ఆనందగజపతి మనుష్యులు కూడ ఒకవైపున అలజడి చేసి తోడ్పడిరి. కొలది దినములకు పుదుచ్చేరినుండి సహాయము తెచ్చిన రెండు ఫ్రెంచి ఓడలు బందరు ఎదుట లంగరు వేసినవి. కోటమీద తమ జెండా లేదు. దిగుటకు ధైర్యము చాలక వచ్చిన త్రోవ పట్టినవి.

బెజవాడ దగ్గర నున్న ప్రభువు స్థితిని ఒక్క నిమిషము ఊహింపుడు. సేన కలదు, ఏనుగులు కలవు, ఫిరంగులు కలవు. బందరు ఒకటి రెండు దినముల పయనము. ఐనను అతడు చేయదగిన దేమి? కోటను మరల ముట్టడించుటకు ఫ్రెంచివారి తోడు వచ్చునన్న ఆశ సముద్రముమీద ఆఱిపోయినది. ఇంతలో తమ్ముడు నిజామలీ హైదరాబాదు వైపు కదలుచున్నాడన్న వార్త. మే 14వ తేదీన సలాబత్‌జంగు ఫోర్డుతో ఒడంబడిక చేసికొనెను. మచిలీపట్టణము దాని చుట్టునున్న ఎనిమిది జిల్లాలతోను, నిజాంపట్టణము మొదలగు చోట్లతోను ఇంగ్లీషువారికి ఇనాముగా ఇచ్చెను. ఫ్రెంచివారిని కృష్ణ దాటించుటకును, ఇకమీదట కొలువులో నుంచుకొనకుండుటకును మాట ఇచ్చెను. మా బందరు చిన్నవాని పుస్తకములోని సంవత్సరము, సంతకము ఇవే.

ఆ సంతకము నిలుచునా? అది సముద్రముమీద తేలవలసియుండెను. దాషే మరల బలము కూర్చుకొని వచ్చెను. పోకాక్ బొంబాయిలో నౌకలను బాగుచేయించి, ఆ వేసవిలోనే తూర్పుతీరమునకు మరలి సింహళము దగ్గర కాచుకొనియుండెను. సెప్టెంబరు 10వ తేదీన మూడవ యుద్ధము. పోకాక్ వద్ద 9 నౌకలు, దాషే వద్ద 11. మునుపటి రెండింటికంటెను ఘోరమైన దీ యుద్ధము. పోకాక్ పక్షమున హతులు, గాయపడినవారు కలిసి 550కి పైబడిరి. ఎదిరిపక్షమున నంతకంటె నెక్కువ. దాషే తీవ్రముగా గాయపడెను. మరల నదే కథ: ఓడలు పట్టుబడలేదు, విజయఘోష లేదు. దాషే పుదుచ్చేరి చేరి తెచ్చిన ధనమును, కొంతమంది మనుష్యులను దింపి, ఎవరెంత ఆక్షేపించినను వినక వెడలిపోయెను. ఆ మీద నతడు తిరిగి రాలేదు. 1760 జనవరిలో వందవాసి దగ్గర లాలీ ఓడెను, బుస్సీ పట్టుబడెను. 1761 జనవరి 16వ తేదీన పుదుచ్చేరి లొంగిపోయెను. సలాబత్‌జంగు ఇచ్చిన మాట తప్పుటకైనను ఇక తోడు లేకపోయెను.

మూడు యుద్ధములు చేసి ఒక్క ఓడనైనను పట్టుకొనని సేనానిని గొప్పవాడన వచ్చునా యని మీ రడుగవచ్చును. నేనును అట్లే అనుకొంటిని. కాని అతని పని ఓడలు పట్టుకొనుట కాదు. ఎదిరి నౌకాదళము మన తీరమున నిలువకుండ చేయుట. దెబ్బతినిన ప్రతిసారియు త్రాళ్లు ముడివేసికొని, చాపలు కుట్టుకొని, మరల వచ్చి అదే చోట నిలిచెను. దాషే అధైర్యవంతుడు కాడు. రెండుసార్లు గాయపడియు పోరినవాడు. అతని వెనుక తిండి లేదు, మంచి రేవు లేదు, అతని పెద్దలకు ఈ సముద్రముమీద శ్రద్ధ లేదు. పోకాక్ వెనుక ఇవి యన్నియు కలవు. గెలుపోటములు ఫిరంగులు మ్రోగకముందే బొంబాయి డాకులో సగము తేలిపోయినవి.

అతని స్వభావము తెలుపు సంగతి యొకటి కలదు. మొదటి యుద్ధమున ముగ్గురు కెప్టెనులు తమ నౌకలను ముందునకు తేక వెనుకబడిరి. పోకాక్ వారిని మద్రాసులో విచారణకు నిలిపెను. ఒకడు కొలువు పోగొట్టుకొనెను; ఒకడు తన నౌకను పోగొట్టుకొనెను; మూడవవాని జ్యేష్ఠత ఒక యేడు తగ్గింపబడెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. అంతకు ఒక యేడు ముందు, 1757 మార్చి 14వ తేదీన, ఇంగ్లండులో అడ్మిరలు జాన్ బింగును, యుద్ధమున శక్తివంచన చేసెనను నేరముమీద, ఓడపైననే కాల్చి చంపిరి. ఆ జాన్ బింగు ఇందాక చెప్పిన జార్జి బింగు కుమారుడు. తల్లులు అక్కచెల్లెండ్రు, మన వరుసలో పోకాక్‌కు అన్న యగును. అట్టి కాలమున, అట్టి దుఃఖము ఇంటిలో నున్నవాడు, తన క్రిందివారిని విచారణకు నిలిపినప్పుడు మనస్సులో నేమి తలచుకొనెనో!

1760లో పోకాక్ ఇంగ్లండు చేరెను. రాజు బిరుదమిచ్చెను. కంపెనీవారు లండనులోని తమ సభామందిరమున క్లైవు, లారెన్సుల ప్రతిమల సరసన పోకాక్ ప్రతిమను నిల్పించిరి. శిల్పి షీమేకర్సు 1764లో వానిని ముగించెను. ముగ్గురికిని పూర్వపు రోమకుల వేషము వేసెను. మన దేశపు ఉప్పుగాలిలో మాసిన వస్త్రము లేవియు ఆ రాతిలో లేవు.

1762లో స్పెయినువారి హవానా నగరమును పట్టుకొనుటకు పోయిన నౌకాదళమునకు పోకాక్ నాయకుడు. నగరము పట్టుబడెను; జ్వరములతో వేలకొలది సైనికులు చచ్చిరి. కొల్లసొమ్ములో పోకాక్ భాగము 1,22,697 పౌనులు. సామాన్య నావికునకు వచ్చినది 4 పౌనులకు లోపు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు నాకు ఆ సేనానిమీద నున్న గౌరవము కొంచెము తగ్గినమాట నిజము. ఆ కాలపు ఏర్పాటు అట్టిదే యని చెప్పవచ్చును. కాని త్రాళ్లు ముడివేసిన చేతులు ఆ నావికులవే కదా.

లాలీ పట్టుబడి ఇంగ్లండులో నుండగా పోకాక్‌ను చూడగోరి పోయెననియు, నీవు లేకున్న హిందూదేశమున జయము నాదై యుండెడిదని నిండుమనస్సుతో పలికెననియు చెప్పుదురు. ఆ లాలీని 1766లో ఫ్రెంచివారు పారిసులో శిరశ్ఛేదము చేసిరి. ఓడినవాని కది ఫలము. అదే సంవత్సరము, తనకంటె చిన్నవానిని నౌకాశాఖకు అధిపతిగా నియమించిరని అలిగి పోకాక్ పదవి విడిచెను. గెలిచినవానికి కలిగిన కష్ట మంతమాత్రము. 1792లో, ఎనుబదియాఱేండ్ల వయస్సున, తన యింట మరణించెను.

అతడు బ్రతికియుండగనే మన పటము మాఱిపోయెను. 1766లో నిజామలీ సర్కారులను కంపెనీకి ఒప్పగించెను. 1788లో గుంటూరు సర్కారు కూడ పోగా హైదరాబాదు ప్రభువునకు చేయి తడుపుకొనుటకైన సముద్రపు నీరు లేకపోయెను. 1798లో రేమండు మరణించిన కొన్ని నెలలకే అతని ఫ్రెంచి పటాలములను ఇంగ్లీషువారు ఆయుధములు దింపించిరి. మలకుపేట దాటిన తరువాత మూసారాంబాగు సమీపమున గుట్టమీద నున్నది ఆ రేమండు సమాధియే. అదియు ఈ బందరు త్రోవకు దగ్గరనే!

మన పూర్వులు సముద్రము నెఱుగనివారా? కాదు. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. ఓడ పగిలి ఒడ్డునకు చేరిన వర్తకుని సొమ్ము దోచుకొనక వానికే విడువవలెనని ఆజ్ఞాపించెను. గోలకొండ సుల్తానుల కాలమున బందరునుండి పెగూకును, అచేకును, ఎఱ్ఱసముద్రపు రేవులకును ఓడలు పోయెడివి. గోదావరి నోటిదగ్గర నర్సాపురమున మన వడ్రంగులు కట్టిన ఓడలను తెల్లవారును కొనెడివారు. అట్టి తీరమునకు ప్రభువులైనవారు ఆ తీరమును జీతముల క్రింద పరుల కప్పగించి, పల్లకీలో వెనుకకు తిరిగిరి. ఆ తరువాత దానికై ఎవరు ఎవరితో పోరుచున్నారో చూచుటకు ఒక్క ఓడయైనను వారికి లేకపోయెను.

నేను పోకాక్‌ను పొగడుటకు ఈ ప్రసంగము చేయలేదు. అతని గెలుపు మనకు దాస్యము తెచ్చిన గెలుపులలో నొకటి. కాని మనలను ఓడించినవాని పనిని సరిగా తెలిసికొనకున్న, ఎందుకు ఓడితిమో తెలియదు. బొబ్బిలి కథను మనము మఱువలేదు, మఱువరాదు. అచ్చటి వీరము మన కన్నులయెదుట జరిగినది. బందరు నిర్ణయము మాత్రము తీరమునుండి కనబడనంత దూరమున, మన భాష తెలియని మనుష్యుల నడుమ జరిగినది. చూడనిదానికి కథ పుట్టదు.

మొన్న సాయంకాలము ఈ వృత్తాంతమంతయు మా బందరు చిన్నవానికి చెప్పితిని. అతడు ఓపికగా విని, "అయితే నవాబు ఇచ్చేయలేదండీ, అప్పటికే పోయిందన్నమాట" అనెను. చరిత్ర పుస్తకము రెండు పుటలలో చెప్పలేనిదానిని ఆ పిల్లవాడు ఒక్క మాటలో చెప్పెను. తరువాత, పండుగకు ఊరికి పోవుటకు బస్సు దొరకదేమోనని గబగబ సంచి తీసికొని పంజగుట్ట వైపు పోయెను. ఆ బస్సు మా త్రోవమీదనే పోయి, తెల్లవారునప్పటికి అతనిని సముద్రము దగ్గర దింపును.